ఇంటర్వ్యూలో అవతలివాళ్ళు దేనికోసం తవ్వుతారు?

ఇంటర్వ్యూ అనే ఒక్క పేరు మీద మన గోదావరి డెల్టాలో నాలుగు రకాల వ్యవహారాలు నడుస్తుంటాయి. భీమవరంలోనో కాకినాడలోనో ఇంజనీరింగ్ కాలేజీకి సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు వచ్చి పెట్టేది ఒకటి. అమలాపురం అమ్మాయి బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసరు) మెయిన్స్ గట్టెక్కి బోర్డు ముందు కూర్చునేది ఇంకొకటి. ఆకివీడు వైపు రొయ్యల మేత కంపెనీ డిపోలో టెక్నీషియన్ పోస్టుకి మేనేజరు టీ తెప్పించి మాట్లాడేది మరొకటి. రాజోలు వైపు ఏజెంటు ఫోన్ చేసి ‘రేపు గల్ఫ్ ఇంటర్వ్యూ, పాస్‌పోర్టు పట్టుకురండి’ అనేది నాలుగోది. ఈ నాలుగింటికీ మన పిల్లలు ఒకే గైడు చదివి, ఒకే వీడియో చూసి, ఒకే ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ జవాబు పట్టుకుని బయల్దేరుతున్నారు. సగం చిక్కు ఇక్కడే ఉంది.

మిగతా సగం ఏమిటంటే, దీన్ని మనవాళ్ళు ఇంకో పరీక్ష కింద లెక్కేస్తారు. ప్రశ్న పడుతుంది, దానికో సరైన జవాబు ఉంటుంది, తడబడకుండా అప్పజెబితే మార్కులొస్తాయి అనుకుంటారు. పదో తరగతి నుంచి బీటెక్ దాకా బిట్లు బట్టీపట్టి పైకొచ్చినవాళ్ళు అలా అనుకోవడంలో వింతేమీ లేదు. కానీ మీ మార్కులూ ర్యాంకూ ఆ బల్ల మీద ముందే ఉన్నాయి. వాటినే మళ్ళీ కొలవడానికి ముగ్గురు నలుగురు పెద్దవాళ్ళు పనులు మానుకుని రోజంతా కూర్చోరు. కాగితం చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి. ఈ మనిషికి పని వచ్చా, నాలుగు రోజులు నిలబడతాడా, ఇతనితో కలిసి పని చేయడం మాకు తలనొప్పి కాకుండా ఉంటుందా? ‘మీ బలహీనత ఏమిటి’ అన్నా, ‘ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటారు’ అన్నా, ‘పాలకొల్లు నుంచి వచ్చి చెన్నైలో ఉండగలవా’ అన్నా తవ్వేది వీటికోసమే.

ముందు దాని బరువెంతో చూడండి

సన్నాహాలు మొదలుపెట్టే ముందు ఇంటర్వ్యూకి అసలు ఎన్ని మార్కులున్నాయో కనుక్కోవాలి. రాజమండ్రి కోచింగ్ సెంటర్లలో ఇంటర్వ్యూయే లేని ఉద్యోగానికి కూడా టై కట్టుకోవడం నేర్చుకునేవాళ్ళున్నారు. కేంద్ర ప్రభుత్వం నాన్‌గెజిటెడ్ గ్రూప్-బి ఉద్యోగాలకి, ఆ కిందివాటికి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూ తీసేసింది. అంతకు ముందు ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి ఈ మాట ఎత్తారు. చిన్న ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే సిఫార్సుకీ లంచానికీ తలుపు తీసినట్టేనన్నది అప్పటి వాదన. మన ఊళ్ళల్లో దాన్ని కాదనేవాళ్ళు తక్కువ. బ్యాంకు క్లర్కు పోస్టుకీ ఇంటర్వ్యూ లేదు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ పీఓకి ఉంది. దానికి 100 మార్కులు, తుది జాబితాలో మెయిన్స్‌కి 80, దీనికి 20 పాళ్ళు. అంటే ఇంటర్వ్యూలో 10 మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే చివరి లెక్కలో కలిసేది 2. పైగా జనరల్ అభ్యర్థికి 40 శాతం, రిజర్వుడు వర్గాలకి 35 శాతం కనీసం రావాలి. అది రాకపోతే మెయిన్స్‌లో ఎంత కొట్టినా లాభం లేదు. సివిల్స్‌లో మొత్తం 2025 మార్కుల్లో పర్సనాలిటీ టెస్టుకి 275.

ప్రైవేటు ఉద్యోగం సంగతి వేరు. అక్కడ రాతపరీక్ష గేటు దాకా తీసుకెళ్తుంది, తలుపు తీసేది ఇంటర్వ్యూ. మేత కంపెనీలో, ప్రాసెసింగ్ ప్లాంటులో, రైసు మిల్లులో అయితే మొత్తం వ్యవహారమే అది.

అవతలివాళ్ళు తప్పులు చేస్తారు

ఇది మనవాళ్ళకి ఎవరూ చెప్పరు గానీ, ఇంటర్వ్యూ అంత నమ్మదగిన కొలమానం కాదు. 1920లో థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సైన్యంలో అధికారులు తమ కిందివాళ్ళకి వేసిన మార్కులు చూశాడు. ఒడ్డూ పొడుగూ బాగున్నవాడికి తెలివిలోనూ, నాయకత్వంలోనూ, నడవడిలోనూ ఎక్కువే వేశారు. ఒక్క గుణం నచ్చితే మిగతావన్నీ దాని వెలుగులోనే కనిపించాయి. ఇస్త్రీ చొక్కా, గట్టి గొంతు, మంచి ఇంగ్లీషు ఉన్న కుర్రాడికి సబ్జెక్టు కూడా వచ్చనుకోవడం ఆ బాపతే. ముందు వచ్చినవాడు మరీ తేలిపోతే తర్వాతివాడు మెరుగ్గా కనిపించడం ఇంకో జబ్బు.

దీనికి మందు కనిపెట్టినవాళ్ళూ ఉన్నారు. 1950ల మధ్యలో, తర్వాత నోబెల్ అందుకున్న డేనియల్ కానమన్, అప్పటికి ఇరవయ్యొకటేళ్ళ కుర్రాడు, ఇజ్రాయెల్ సైన్యానికి ఇంటర్వ్యూ పద్ధతి మార్చి ఇచ్చాడు. కబుర్లు చెప్పించి ‘ఇతను పనికొస్తాడు’ అని మొత్తంగా తేల్చేయడం మానిపించాడు. ఆరు గుణాలు ఎంచుకుని, ఒక్కోదానికి ముందే రాసుకున్న ప్రశ్నలడిగి, ఒకటి అయ్యాకే రెండోది మొదలుపెట్టి, దేని మార్కు దానికి విడిగా వేయమన్నాడు. కొత్త పద్ధతి పాతదానికన్నా బాగా పనిచేసింది. ఈ రోజు పెద్ద కంపెనీలు వాడేది ఈ వంశానికి చెందినదే. అందరికీ అవే ప్రశ్నలు, ముందే తయారైన మార్కుల పట్టిక.

2022లో సాకెట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు పాత పరిశోధనలన్నిటినీ మళ్ళీ లెక్కగట్టారు. ఇంటర్వ్యూ మార్కుకీ ఉద్యోగంలో తర్వాతి పనితీరుకీ పొంతన ఎంతన్నది ప్రశ్న. పూర్తి పొంతనకి 1, అసలు లేకపోతే 0. పద్ధతి ప్రకారం నడిచిన ఇంటర్వ్యూకి 0.42 వచ్చింది. పిచ్చాపాటిలా సాగేదానికి 0.19. మొదటిది ఉన్న పద్ధతుల్లో అన్నిటికన్నా మెరుగు, అయినా 1కి చాలా దూరం. రెండోదాంట్లో అదృష్టం వాటా చాలా ఎక్కువ. ఒక చోట పోయిందని ‘నాలో ఏదో లోపముంది’ అని మంచమెక్కే పిల్లలు ఈ రెండు అంకెలు గుర్తుంచుకోవాలి. అదే మనిషి, అదే జవాబు, ఇంకో బోర్డు అయితే ఇంకో ఫలితం వచ్చేదే.

దీన్నుంచి సన్నాహానికి పనికొచ్చేది ఒకటుంది. మీరు వెళ్ళేది ఏ రకానికో ముందే తేల్చుకోవాలి. ప్రశ్నలు ముందే రాసిపెట్టుకుని, మీరు మాట్లాడుతుంటే నోట్ చేసుకునే చోట మార్కు పడేది నిర్దిష్టమైన సంఘటనకి. యజమాని ఎదురుగా కూర్చుని ‘మీదే ఊరు బాబూ’ అని మొదలుపెట్టే చోట మనిషి నచ్చాలి. అక్కడ ఊరూ చుట్టరికాలూ కలుస్తాయి. అందులో న్యాయం ఎంతన్నది వేరే చర్చ. అలా జరుగుతుందన్నది మాత్రం నిజం.

‘ఇందులో నువ్వు చేసిందేమిటి?’

క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఎక్కువమంది బోల్తా పడేది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కొచ్చి బైండింగ్ చేయించడం ఎంత మామూలైపోయిందో కాలేజీలకీ తెలుసు, కంపెనీలకీ తెలుసు. అందుకే ప్రాజెక్టు పేరు వినగానే బోర్డులో ఒకాయన అడిగేస్తాడు: నలుగురి బ్యాచ్‌లో నీ వంతు ఏది? ఈ టేబుల్లో ఈ కాలమ్ ఎందుకు పెట్టారు? నెట్ లేకపోతే ఏమవుతుంది? మొదటి ప్రశ్నకి గుక్క తిప్పుకోకుండా చెప్పిన కుర్రాడు మూడోదానికి నీళ్ళు నమలడం మొదలుపెడతాడు. ప్రాజెక్టు చిన్నదైనా ఫరవాలేదు. అది మీదై ఉండాలి.

మీదంటూ చెప్పుకోదగ్గది లేదని ఇక్కడి పిల్లలు అనుకోవడం నాకు మింగుడుపడదు. ఒక ఉదాహరణ కల్పించి చెప్తాను. కంప్యూటర్ సైన్స్ చదివే కుర్రాడు, బాబాయికి కాళ్ళ మండలంలో రెండు వనామీ రొయ్యల చెరువులు. రెజ్యూమెలో ఏముంటుంది? ‘హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్.’ ఈ మూడు మాటలూ ఆ రోజు ఆ గది ముందు కూర్చున్న ప్రతివాడి కాగితం మీదా ఉన్నాయి. చెరువు సంగతి ఎక్కడా ఉండదు. అది నామోషీ అనుకుంటాడు. అదే కుర్రాడు ఇలా చెప్పాడనుకోండి:

“మా బాబాయి గారు మేత లెక్క నోటు పుస్తకంలో రాసేవారు సర్. పట్టుబడి అయ్యాక గానీ ఎంత మేత తిన్నాయో తేలేది కాదు. సెలవుల్లో నేను ఎక్సెల్లో ఒక షీటు చేశాను. పూటపూటకీ వేసిన మేత, ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే చెక్ ట్రేలో మిగిలింది, వారానికోసారి పట్టి చూసిన బరువు అందులో ఎక్కిస్తాం. ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట ఎంత తగ్గించాలో అది చూపిస్తుంది. ఆ పంటలో 5,600 కిలోల మేతకి 4,000 కిలోల రొయ్య వచ్చింది, అంటే కిలో రొయ్యకి 1.4 కిలోల మేత. ముందు పంటకి 1.6 పడింది.”

ఇందులో ఇబ్బంది ఏమిటో, తన పనేమిటో, ఎలా చేశాడో, ఏం తేలిందో నాలుగూ వరసగా ఉన్నాయి. స్టార్ (STAR) పద్ధతి అని శిక్షణ ఇచ్చేవాళ్ళు చెప్పేది ఇంతకన్నా ఏమీ కాదు. ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పరిస్థితి, బాధ్యత, చర్య, ఫలితం అన్న వాటికి పొట్టి పేర్లు. మన పిల్లలు మొదటిదాని మీద మూడు నిమిషాలు గడిపి ఆఖరిది మర్చిపోతారు.

బోర్డు అక్కడితో ఆగదు. ‘1.6 నుంచి 1.4కి తగ్గింది నీ షీటు వల్లేనని ఎలా తెలుసు?’ అంటుంది. ఇదే అసలు ప్రశ్న. ‘అవును సర్, నా షీటు వల్లే’ అన్నవాడు పప్పులో కాలేసినట్టే. ‘మొత్తం దాని వల్లే అనలేను సర్. ఆ పంటకి సీడు, అంటే రొయ్య పిల్ల, మంచిది పడింది, జబ్బు రాలేదు. కాకపోతే ట్రేలో మిగిలే మేత తగ్గడం రోజూ కళ్ళతో చూశాం’ అన్నవాడికి, సంఖ్యకీ కారణానికీ మధ్య ఉన్న తేడా తెలుసని బోర్డుకి అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇంతకన్నా పనికొచ్చే గుణం ఏముంది? ఒక్క జాగ్రత్త: లేని చెరువుని సృష్టించకండి. ఒక అబద్ధం మీద నాలుగు ప్రశ్నలు పడితే ఐదోదానికి గోడ కూలిపోతుంది. పైగా అవతల కూర్చున్నాయన సొంతూరు కాళ్ళ పక్కనున్న ‘ఉండి’ ఊరే అయ్యుండొచ్చు.

తెల్లవారుజామున 4 గంటల ఫోను

మేత కంపెనీలూ హేచరీలూ టెక్నీషియన్లని తీసుకునేటప్పుడు అడిగే ప్రశ్నలు ఇంకో జాతివి. జరిగింది చెప్పమనరు, జరగబోయేది ఇచ్చి ఏం చేస్తావంటారు. ‘తెల్లవారుజామున 4 గంటలకి రైతు ఫోన్ చేశాడు. రొయ్యలన్నీ పైకి తేలి గట్టు వెంబడి తిరుగుతున్నాయన్నాడు. నువ్వు నరసాపురంలో ఉన్నావు, చెరువు మొగల్తూరు అవతల. ఏం చెప్తావు?’

ఫిషరీస్ చదివిన కుర్రాడు వెంటనే అందుకుంటాడు. నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్ తగ్గింది, అది లీటరుకి 4 మిల్లీగ్రాములకి తగ్గకుండా ఉండాలి. పగలు పాచి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి ఆ పాచీ, రొయ్యలూ, అడుగు బురదా అన్నీ కలిసి దాన్నే వాడేస్తాయి. అందుకే పొద్దు పొడిచే ముందు బాగా పడిపోతుంది. పాఠం అక్షరం పొల్లుపోలేదు. కానీ మేనేజరు మొహంలో కదలిక ఉండదు. ఆయనకి కావాల్సింది పాఠం కాదు, గట్టు మీద వణుకుతూ నిలబడ్డ రైతు.

రెండో కుర్రాడు ముందు రైతునే అడుగుతాడు. కరెంటు ఉందా అండీ? నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఎన్ని తిరుగుతున్నాయి? జనరేటర్లో డీజిలుందా? నిన్న మబ్బు పట్టిందా? నీళ్ళ రంగు మారిందా? ఆ తర్వాత చెప్తాడు. ఉన్న ఏరేటర్లన్నీ వేసేయండి, పొద్దున మేత వేయకండి, ఆక్సిజన్ బిళ్ళలుంటే రొయ్యలు ముసిరిన చోట చల్లండి, నేను మీటరు పట్టుకుని బయల్దేరుతున్నాను. మందు పేరేదీ చెప్పలేదు, కొనమని అనలేదు. ‘నిద్రలో ఫోనెత్తుతావా’ అన్నది కూడా మేనేజరు లోలోపల అడిగిన ప్రశ్నే. ఆ ‘బయల్దేరుతున్నాను’తో దానికీ జవాబు దొరికింది. ఈ రెండో జవాబు ఏ గైడులోనూ ఉండదు. నాలుగు చెరువుల గట్లెక్కి, ఒక పంట కాలం ఎవరో ఒక టెక్నీషియన్ వెనక బండి మీద తిరిగినవాడికే వస్తుంది. బీఎఫ్ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) చదివినా, మామూలు బీఎస్సీ జువాలజీ చదివినా సన్నాహం అంటే అదే.

మీ ఊరి గురించి చెప్పండి

బ్యాంకు బోర్డుకీ సివిల్స్ బోర్డుకీ ఇది ఇష్టమైన ప్రశ్న. పది పదిహేను నిమిషాల్లో మనిషిని చూడాలంటే అతనికి బాగా తెలిసుండాల్సిన చోటే తవ్వడం తేలిక. మన పిల్లలు దీనికి టూరిస్టు పుస్తకం అప్పజెబుతారు. కొబ్బరి చెట్లు, పూతరేకులు, కాటన్ దొర, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. అన్నీ నిజాలే. బోర్డు వాటిని మీకన్నా ముందు వచ్చినవాడి నోటే విన్నది.

కోనసీమ అని చెప్పాక రాగల తర్వాతి ప్రశ్న ఒకటుంది: ‘అంత నీళ్ళున్న చోట 2011లో రైతులు పంట విరామం ఎందుకు ప్రకటించారు?’ నీళ్ళు ఉండటం, అవి బయటికి పోవడం రెండూ వేరని తెలిసినవాడు దీనికి జవాబు చెప్పగలడు. మురుగు కాలువలు పూడిపోయి తొలకరి పంట మునిగిపోతోంది, కూలీలు దొరకడం లేదు, పెట్టుబడి పెరిగింది, మద్దతు ధర గిట్టడం లేదు. ప్రభుత్వం అప్పట్లో మోహన్ కందా కమిటీ వేసింది. పీఓ అభ్యర్థి అయితే ఇక్కడి నుంచి బ్యాంకులోకి రావాలి. చేను దున్నేది చాలాచోట్ల కౌలుదారు, పట్టా ఉన్నది ఆసామి పేరు మీద. ఆ పొలం మీద ఆసామి అప్పటికే అప్పు తీసుకుని ఉంటే కౌలుదారుకి బ్యాంకు మొహం చాటేస్తుంది. 2019లో రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు ఇస్తారు గానీ దానికి ఆసామి సంతకం కావాలి, ఆసామికి భయం. బ్యాంకులు ఇచ్చే మొత్తం రుణాల్లో 18 శాతం వ్యవసాయానికి పోవాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ డబ్బు అసలు సాగుదారు దాకా ఎందుకు చేరదో ముమ్మిడివరం అమ్మాయి రెండు నిమిషాల్లో చెప్పగలిగితే, బ్యాంకింగ్ గైడులో ఆమెకి ఇక అడగాల్సిన ప్రశ్నలు పెద్దగా మిగలవు.

దీనికి చదవాల్సింది ఇంట్లోనే ఉంది. నాన్న పాస్‌బుక్కు, మావయ్య సొసైటీ అప్పు, డ్వాక్రా గ్రూపులో అమ్మ కట్టే వాయిదా, నరసాపురం లేసు అల్లే పిన్నికి ముక్కకి ఎంత ముడుతుందన్నది. ఒక ఆదివారం కూర్చుని వాళ్ళనే అడగండి. ‘నీకెందుకురా ఇవన్నీ’ అంటారు, అయినా చెప్తారు.

తెలియని ప్రశ్న ఎలాగూ వస్తుంది. ‘తెలియదు సర్’ అనడానికి బోర్డులు మార్కు కోయవు, ఊహించి కొట్టడానికి కోస్తాయి. రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, ఈ రోజు ఎంతుందో గుర్తులేకపోతే గుర్తులేదనండి. అది పెరిగితే ఇంటి రుణం మీద ఏమవుతుందో తెలిస్తే ఆ మాట కలపండి. చాలు.

అండీ, ఆయ్, ఇంగ్లీషు

మన పిల్లల్ని కుంగదీసేది ఇంగ్లీషే. దీని గురించి రెండు సంగతులు కలగాపులగం అవుతున్నాయి. గ్రామర్ తప్పులు ఒకటి, మాట తెగకపోవడం ఒకటి. బోర్డుని విసిగించేది రెండోది. తెలుగులో అనుకుని మనసులో తర్జుమా చేసుకుంటూ మాట్లాడేవాడు వాక్యం మధ్యలో ఆగిపోతాడు. దీనికి మందు స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు కన్నా చవకలో ఉంది. మీ ప్రాజెక్టు, మీ ఊరు, మీ చదువులో వచ్చిన గ్యాపు, ఈ మూడింటి గురించీ చిన్న చిన్న వాక్యాల్లో పైకి మాట్లాడుతూ ఫోనులో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి మీ గొంతు మీకే నచ్చదు. ఫరవాలేదు. రాసుకుని బట్టీ పట్టొద్దు, పట్టింది పట్టినట్టు తెలిసిపోతుంది. మధ్యలో మాట దొరక్కపోతే ‘ఈ ఒక్కటి తెలుగులో చెప్పొచ్చా సర్’ అని అడగడం తప్పు కాదు. స్థానిక కంపెనీల్లో ఎలాగూ తెలుగే నడుస్తుంది. సివిల్స్‌లో మెయిన్స్ తెలుగులో రాసినవాళ్ళు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వొచ్చు, దుబాసీని పెడతారు.

యాస గురించి టెన్షన్ పడేవాళ్ళకి చెప్పేదొక్కటే. మన ‘అండీ’ ఎవరినీ నొప్పించిన దాఖలా లేదు. అసలు ఇబ్బంది మన వినయంలో ఇంకో చోట ఉంది. పెద్దవాళ్ళు ఒక మాటన్నాక కాదనడం మనకి అలవాటు లేదు, దాన్ని ఎదురు చెప్పడం అంటారు. బోర్డులో ఒకాయన కావాలనే తప్పు మాట అంటాడు: ‘రొయ్యల చెరువుల వల్ల డెల్టా బాగుపడింది, వరి దండగ, అంతేగా?’ మన కుర్రాడు తలూపుతాడు: ‘అవునండి, మీరన్నది కరెక్టండి.’ ఆయన రెండో నిమిషంలో దానికి సరిగ్గా వ్యతిరేకం అంటాడు. కుర్రాడు దానికీ తలూపుతాడు. అయిపోయింది. ‘డబ్బు వచ్చిన మాట నిజమేనండి, కాకపోతే చెరువు పక్క చేనుకి ఉప్పు ఎక్కుతోంది, మా వైపు మంచినీళ్ళ బోర్లూ చెడిపోయాయి’ అంటే అందులో మర్యాదా ఉంది, వెన్నెముకా ఉంది.

అమ్మాయిలకి విడిగా ఒక ప్రశ్న వస్తుంది. ‘పెళ్ళయితే మానేస్తావా?’ ఆడవాళ్ళన్న కారణంతో ఉద్యోగంలోకి తీసుకోవడంలో తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. అయినా అడుగుతారు. ఈ ప్రశ్న వేయడం అవతలివాళ్ళ తప్పు, ఇందులో నాకు సందేహం లేదు. కానీ ఆ గదిలో చట్టం చదివితే ఉద్యోగం రాదన్నదీ నిజం. ‘నేను ఈ పని చేయాలనే వచ్చాను సర్, నైటు షిఫ్టు అయినా చేస్తాను’ అని పని మీదకి తిప్పేసినవాళ్ళు ఎక్కువగా గట్టెక్కారు. ఇంతకన్నా న్యాయమైన జవాబు నా దగ్గర లేదు.

గ్యాప్ గురించి రెండు వాక్యాలు చాలు. రాజమండ్రిలో రూము తీసుకుని రెండేళ్ళు గ్రూప్స్‌కి చదివాను, రాలేదు, ఆ చదువులో ఫలానాది పనికొచ్చింది. అంతటితో ఆపాలి. సంజాయిషీ పొడుగైన కొద్దీ అనుమానం పెరుగుతుంది.

రైలు, ఫైలు, ఏజెంటు

హైదరాబాద్‌లో 10 గంటలకి ఇంటర్వ్యూ అంటే గౌతమిలోనో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లోనో రాత్రంతా కూర్చుని, స్టేషన్లో మొహం కడుక్కుని తిన్నగా వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అమలాపురంవాళ్ళకి ఆ రైలు కూడా వాకిట్లోకి రాదు, ముందు రాజమండ్రి చేరాలి. వీలైతే ఒక రోజు ముందు వెళ్ళండి, చుట్టాలింట్లో పడుకోండి. మొహమాటం ఆ ఒక్క రోజుకి పక్కన పెట్టండి. చొక్కా ఖరీదు ఎవరూ చూడరు, నలిగిందా లేదా అన్నది చూస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించడానికే. జిరాక్సులిచ్చి ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. ‘మా దగ్గరే ఉంచండి’ అన్న కంపెనీ గురించి రెండుసార్లు ఆలోచించండి.

గల్ఫ్ ‘ఇంటర్వ్యూ’ దగ్గర సగం చోట్ల ఇంటర్వ్యూయే ఉండదు, డబ్బు వసూలుకి పెట్టిన ముసుగది. లైసెన్సున్న ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఉంటుంది, నంబరు అడిగి అక్కడ చూడండి. సర్వీసు చార్జీ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి పుచ్చుకునే హక్కు ఏజెంటుకి లేదు. లక్షన్నర అడిగినవాడు రసీదు ఇవ్వనప్పుడే సంగతి అర్థం కావాలి. పదో తరగతి పాసవ్వనివాళ్ళు కువైట్, ఖతార్, సౌదీ లాంటి 18 దేశాలకి పనికెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఉండాలి. అక్కడ ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి కనీసం 30 ఏళ్ళు నిండాలి. ‘విజిట్ వీసా మీద వెళ్ళండి, అక్కడ మార్పిస్తాం’ అంటే లేచి వచ్చేయడమే.

‘మీరేమైనా అడుగుతారా?’

చివర్లో వచ్చే ఈ ప్రశ్నకి మనవాళ్ళు ‘ఏం లేదు సర్, థాంక్యూ’ అని లేచిపోతారు. ఇది మర్యాదకి అడిగేది కాదు. పని గురించి ఆలోచించిన మనిషికి సందేహాలు ఉండి తీరతాయి. మేత కంపెనీలో అయితే: ఎన్ని ఊళ్ళు నాకు ఇస్తారు, పెట్రోలు కంపెనీదా నాదా, చెరువులు ఎండబెట్టే నెలల్లో టార్గెట్ ఎలా? సాఫ్ట్‌వేర్లో అయితే: మొదటి ఆరు నెలలు ఏ పని మీద ఉంటాను, ఎవరి కింద? బ్యాంకు బోర్డుని ఇలాంటివి అడగక్కర్లేదు, వాళ్ళు సాధారణంగా అడగనివ్వరు కూడా.

జీతం సంగతి వాళ్ళే ఎత్తేదాకా ఆగొచ్చు గానీ, ఎత్తాక సిగ్గుపడొద్దు. 3.6 లక్షల సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంటే నెలకి 30 వేలు చేతికొస్తుందని ఇంట్లో చెప్పేస్తారు. రాదు. కంపెనీ తన వంతు కట్టే పీఎఫ్, బేసిక్ మీద 12 శాతం, అందులోనే కలిపి చూపిస్తారు. బేసిక్ మీద 4.81 శాతం గ్రాట్యుటీ కూడా ఎక్కువగా అందులోనే ఉంటుంది. ఆరోగ్య బీమా, సంవత్సరాంతం బోనసు కూడా అంతే. పైగా మీ వంతు పీఎఫ్ జీతంలోంచి కోస్తారు. ‘చేతికొచ్చేది ఎంత సర్, బాండు ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి’ అన్న మూడు ప్రశ్నలూ నెమ్మదిగా అడిగి, అవే ఆఫర్ లెటర్లో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

తర్వాత వారం పదిరోజులు చూసి కబురు రాకపోతే ఒక మెయిల్ పెట్టండి. పేరు, పోస్టు, ఇంటర్వ్యూ తేదీ, ఇంకా ఆసక్తి ఉందన్న ఒక్క ముక్క. రోజూ ఫోన్ చేయకండి, తెలిసినవాళ్ళతో చేయించకండి. ఈలోగా ఇంకో చోటికి అప్లికేషన్ పంపేయండి.